పన్నెండో గది పలకలేదు

ఖతర్ దేశంలో, దోహాలో ఉమ్ ఘువైలినా పేట దాటి సముద్రం వైపు వెళ్తే ఒక పాత రాతి ఇల్లు ఉండేదట. ముత్యాల వ్యాపారి ఎవరో కట్టుకున్నది. వ్యాపారం పోయింది, మనుషులూ పోయారు, ఒంటి తలుపు రెక్క మిగిలింది. చుట్టూ ఉన్నవన్నీ కూలగొట్టి మేడలు లేపుతున్న రోజుల్లో కూడా ఆ ఇంటి జోలికి ఎవరూ పోలేదు. పొద్దు గూకితే ఆ గోడ పక్కన అడుగు వేసేవాడు లేడు.

నేను ఆ ఇల్లు చూడలేదు. ఆ దేశమే చూడలేదు. మా బడి వెనక ఇంట్లో ఉండే లస్మయ్య అక్కడ పనికి పోయి, సెలవు మీద వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని చెప్పాడు — విన్నది విన్నట్టు చెబుతున్నాను.

"దుబాయ్ల గూడ దయ్యాలుంటయా, సారూ? అన్నీ కోతలే ఈయనయి" అని అతని భార్య భూమవ్వ నవ్వింది. మా ఊళ్ళో సముద్రం అవతల ఉన్నదంతా దుబాయే. కథ సగానికి వచ్చేసరికి ఆమె నవ్వు ఆపి మొగుడి పక్కకు జరిగింది.

అది డెబ్బై ఆరో సంవత్సరం. చమురు ధర పెరిగి అక్కడ రోజుకో గోడ లేస్తున్న కాలం. లస్మయ్య ఆ ఇంటి పక్క సైటులో రాత్రి వాచ్‌మన్. పగలంతా నాలుగు దేశాల వాళ్ళు కేకలేసుకునే చోట, చీకటి పడితే అతనొక్కడే... ఇసుక కుప్పలు, సిమెంటు బస్తాలు, ఒక నీళ్ళ డ్రమ్ము.

మొదటి రాత్రి డ్రమ్ములో నీళ్ళు తగ్గాయి. మగ్గు లేదు. కుక్క పని అనుకున్నాడు. కానీ కుక్క మగ్గు ఎత్తుకుపోయి ఏం చేసుకుంటుంది?

రెండో రాత్రి గొంతు వినిపించింది.

ఆ ఇంట్లోంచే. సన్నగా. ఒకే మాట. ఆగి... చాలాసేపు ఆగి... మళ్ళీ అదే మాట.

తెల్లవారి డ్రైవరు లియాఖత్ అలీకి చెబితే అతను చెవులు పట్టుకున్నాడు. "జిన్ హై, భాయ్. ఉధర్ మత్ దేఖ్." అది జిన్ను, మన దయ్యం లాంటిది, అటు చూడకు; జిన్నుల మాట మనుషులకి అర్థం కాదు, విననట్టు ఉండు, అన్నాడు.

లస్మయ్యను వణికించింది అదే. ఆ మాట అతనికి అర్థమైంది.

మూడో రాత్రీ నాలుగో రాత్రీ కూడా విన్నాక ఇక ఉండబట్టలేక సైటు ఇంజనీరు దగ్గరికి వెళ్ళాడు. వేణుగోపాలరావుగారు, కోస్తా ఆయన. పెళ్ళి కాలేదు. అల్ ముంతజా పేటలో ఒక గదిలో ఒక్కడే ఉండేవాడు. ఎవరితోనూ మాట కలిపేవాడు కాదు. శుక్రవారం సెలవైనా సైటుకే వచ్చి కూర్చునేవాడు — గదిలో ఆ నాలుగు గోడలు చూడలేక.

"సారూ, కోపం చేయకుండ్రి. గా ఇంట్ల దయ్యం మనోడే."

"మనోడేమిటి?"

"తెలుగోడు సార్. తెలుగుల పిలుస్తాంది."

ఇంజనీరు డ్రాయింగు మీంచి తల ఎత్తలేదు. "ఏమని పిలుస్తోందయ్యా? నీ పేరు పెట్టా?"

"కాదు సార్. పదకొండు అంటది. ఊకుంటది. మళ్ళ... పదకొండు."

పెన్సిల్ ఆగిపోయింది.

"పన్నెండు అనదా?"

"అనది సార్. ఇంకెవలన్న అంటరేమోనని చూస్తున్నట్టే ఉంటది."

ఇక్కడ కాస్త ఆగి ఒక సంగతి చెప్పాలి. ఇది తెలియకపోతే మిగతాది తెలియదు.

వేణుగోపాలరావు చదివిన కాలేజీకి ఇరవై గదుల హాస్టలు. ఒక దసరా సెలవుల్లో అందరూ ఊళ్ళకి వెళ్తే, పదో గదిలో సూర్యప్రకాశం అనే విద్యార్థి జ్వరంతో ఉండిపోయాడు. ఎవరికీ తెలియలేదు. తలుపు పగలగొట్టేసరికి చనిపోయి రెండు రోజులైంది.

ఆ తర్వాత హాస్టలు వాళ్ళే ఒక ఆచారం పెట్టుకున్నారు. రాత్రి దీపాలు ఆర్పాక ఒకటో గది "ఒకటి" అనాలి. రెండో గది "రెండు" అనాలి. అలా చివరి దాకా. ఏ గదైనా పలకకపోతే పక్క గదివాడు లేచి వెళ్ళి తలుపు తట్టాలి — మర్నాడు పరీక్ష ఉన్నా సరే, ఇద్దరికీ పోట్లాటై మాటల్లేకపోయినా సరే. తొమ్మిది తర్వాత మాత్రం అందరూ ఒక ఊపిరి సేపు ఆగేవాళ్ళు. పదో గదికి తాళం. పది అని ఎవరూ అనరు. ఆ మౌనం తర్వాత... పదకొండు.

పదకొండో గది రామచంద్రరావుది. పన్నెండు వేణుగోపాలరావుది.

చదువులు ముగిశాక ఆ హాస్టలువాళ్ళంతా పూర్వ విద్యార్థుల సంఘం పెట్టుకున్నారు. రామచంద్రరావు కార్యదర్శి. ఏటా అందరికీ ఉత్తరం రాసేవాడు. జవాబుగా కథలేం రాయక్కర్లేదు, కార్డు మీద గది నంబరు వేసి పంపితే చాలు — ఉన్నాను అని. వేణుగోపాలరావు దోహా వచ్చిన మొదటి ఏడు పంపాడు. తర్వాత మానేశాడు. అందరికీ పెళ్ళిళ్ళు, పిల్లలు, కబుర్లు. తనకేముంది చెప్పుకోవడానికి? కవరు మీద సంఘం ముద్ర కనబడితే విప్పకుండా సొరుగులో పడేసేవాడు.

ఆ సాయంత్రం సొరుగు లాగాడు. మూడు కవర్లు. మూడో దాని మీద సంఘం ముద్ర అదే... స్టాంపు మాత్రం మన దేశానిది కాదు. ఖతర్‌ది.

కవరు చించాడు.

"వేణూ, ఉద్యోగం పోయింది. నువ్వున్నావన్న ధైర్యంతో వచ్చాను. ఏజెంటు చెప్పిన కంపెనీయే ఇక్కడ లేదు. అందరి చిరునామాల పుస్తకం ఇంటి దగ్గరే ఉండిపోయింది, గుర్తున్న నీ పోస్టు బాక్సు నంబరు తప్ప నాకేమీ తెలియదు. రోజూ పోస్టాఫీసు మెట్ల మీద కూర్చుంటున్నాను. ఒక్కసారి రావా? — పదకొండు."

ఆ ఊళ్ళో ఇంటికి ఉత్తరం రాదు, పోస్టాఫీసులోని పెట్టెలోకే. కంపెనీ పెట్టెలోంచి తెచ్చేది లియాఖత్ అలీ. వేణుగోపాలరావు ఆ మెట్లు ఎక్కి ఎన్నేళ్ళయిందో.

ఉత్తరం మీద తేదీ చూశాడు. నెల కిందటిది.

నెల రోజులు... మరి మొన్నటి నుంచీ పిలుస్తున్నది ఎవరు? మనిషా?

చీకటి పడుతుండగా ఇద్దరూ బయల్దేరారు. లస్మయ్య చేతిలో టార్చి. రెండో చెయ్యి ఇంజనీరు చొక్కా వదల్లేదు. తలుపు రెక్క గాలికి కిర్రుమంటోంది. నిలబడ్డారు. విన్నారు.

ఏమీ లేదు.

"ఇయ్యాల పిలుస్త లేదు సార్..." అన్నాడు లస్మయ్య.

మూడు రాత్రులు పిలిచిన గొంతు, సరిగ్గా తాను వచ్చిన రాత్రే ఆగిపోయింది. వేణుగోపాలరావు తలుపు దగ్గర అలాగే నిలబడ్డాడట. పద్నాలుగేళ్ళుగా పలకని మాట ఎలా పలకాలో తెలియక.

చివరికి అన్నాడు —

"పన్నెండు."

తలుపు రెక్క కిర్రుమంది, అంతే.

మళ్ళీ, గట్టిగా, ఏడుస్తున్నట్టు — "పన్నెండు!"

లోపల చీకట్లో ఏదో దొర్లింది. ప్లాస్టిక్ మగ్గు.

"ఆలస్యమైందిరా..." అంది ఒక ఎండిపోయిన గొంతు.

రామచంద్రరావే. టైఫాయిడ్. ఆ సైటులో తెలుగు ఇంజనీరు ఉన్నాడని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చి, జ్వరంతో కాళ్ళు తేలిపోయి, ఆ ఇంట్లో పడ్డాడు. చేతిలో కాగితాల్లేవు. లస్మయ్య టార్చిని పోలీసుదనుకుని బయటికి రాలేదు. ఇంకొక్క రోజైతే దక్కేవాడు కాదని ఆస్పత్రిలో అన్నారు.

ఆ రాత్రే వేణుగోపాలరావు సంఘానికి ఉత్తరం రాశాడు. రెండేళ్ళ తర్వాత. అక్కడి వాళ్ళు కబురు చేస్తే, మూడు వారాల్లో ముగ్గురు మనుషులు మంచం చుట్టూ చేరారు — ఒకరు పక్క ఊరు అల్ వక్రా నుంచి, ఇద్దరు వేణుగోపాలరావు ఉంటున్న పేటలోంచే! ఎవరూ పేరు అడగలేదు. "ఏ గది?" "ఏడు." "పద్దెనిమిది." అంతే, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అల్ వక్రా ఆయన కాగితాల సంగతీ ఉద్యోగం సంగతీ తన మీద వేసుకున్నాడు.

"ఇన్నేళ్ళూ మీరు ఇక్కడే ఉన్నారా?" అన్నాడు వేణుగోపాలరావు.

"నువ్వు కార్డు ముక్క రాస్తే తెలిసేది, మహానుభావా!"

మా బడి పిల్లలకి ఈ కథ చెప్పినప్పుడు ఇక్కడితో ఆపేస్తాను. ఎవరైనా పిలిస్తే పలకండర్రా అని చెప్పి ఇళ్ళకి పంపేస్తాను. లస్మయ్య మాత్రం ఇక్కడితో ఆపలేదు.

రామచంద్రరావు కోలుకున్నాక ఒకరోజు, ఇంజనీరు కూడా పక్కనే ఉండగా, చాయ్ పట్టుకుపోయి అడిగాడట. "సార్, గా మూడు రాత్రులు మీరొక్కలే ఎందుకట్ల లెక్క పెట్టిండ్రు?"

రామచంద్రరావు వింతగా చూశాడు. "నేనెక్కడ పెట్టానయ్యా? నా వంతు వస్తే పలికాను. పక్క గదిలోంచి ఎవరో పిలిచేవాళ్ళు. కళ్ళు మూతపడబోయేసరికల్లా పిలిచేవాళ్ళు. ఆ పిలుపే లేకపోతే నిద్రలోనే పోయేవాణ్ణి. అది నువ్వేనని తర్వాత అనుకున్నాను."

లస్మయ్య చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. ఆ ఇంటికి ఉన్నది ఒకటే గది.

వేణుగోపాలరావు ముందుకు వంగి, మెల్లగా అడిగాడు. "ఏమని పిలిచేవాళ్ళురా... తొమ్మిది అనా?"

"కాదురా," అన్నాడు రామచంద్రరావు.

"పది."