నీలినువ్వుల సారం

కుంభినీపుర రాజుగారి ఒక్కగానొక్క కొడుకు అరుణకేతు మూడు మెట్లెక్కితే చాలు, ఆయాసంతో కూలబడుతున్నాడు. అతని వేళ్లు నీలంగా మారి మంచులా చల్లబడ్డాయి. గండశిల అనే రాక్షసి శాపం వల్ల అతని రక్తనాళాలు రోజురోజుకూ బిగుసుకుపోతున్నాయి.

"నాళాల లోపలి గోడల్లో కంటికి కనిపించని కావలివాళ్లున్నారు ప్రభూ," అన్నాడు రాజవైద్యుడు. "గింజల సారం అందితే వాళ్లొక వాయువు ఊదుతారు. దాని ఆయుష్షు నాలుగు రెప్పపాట్లే. ఆ కాసేపట్లోనే బిగిసిన గోడ సడలి నెత్తురుకు దారిస్తుంది. శాపం వల్ల ఇప్పుడు ఆ సారమే వాళ్లకు చేరడం లేదు. కర్కశారణ్యంలో ముని పండించే నీలినువ్వులకు మాత్రం శాపం అంటదు."

అవి తెచ్చిన పిల్లను కోడలిగా చేసుకుంటానని రాజు చాటించాడు.

గానుగ వీధి నుంచి వకుళ, ఆమె చెల్లెలు శారిక బయలుదేరారు. వకుళ ఎద్దు అవసరం లేకుండానే గానుగ తిప్పేయగలదు. అయినా ఊరందరి నోటా శారిక పేరే! శారిక నవ్వితే వేడి అరిసె చేతిలో పెట్టినట్టుంటుందట. ఆ మాట విన్నప్పుడల్లా వకుళ గుండెను ఎవరో పిడికిట్లో నొక్కినట్టుండేది.

దారిలో ఒక కొండచిలువ ఇద్దరినీ చుట్టేసింది. వకుళ అరుస్తూ పెనుగులాడినకొద్దీ చుట్ట బిగిసింది. శారిక దాని మెడ నిమిరి, "ఏం తాతా, ఒళ్లు నొప్పులా?" అంది. చుట్ట సడలిపోయింది.

"నన్నిలా పలకరించి ఎన్నాళ్లయిందో తల్లీ!" అన్నది పాము. "నీ ముఖం చూసి ఆ అరిచేదాన్నీ వదిలేస్తున్నా."

"చివరికి పామును కూడా బుట్టలో వేసుకున్నావటే!" అని పళ్లు కొరికింది వకుళ.

ముని సైతం నువ్వుల మూటను శారిక చేతిలోనే పెట్టాడు. "సారాన్ని జాగ్రత్తగా చేర్చండి. చిటికెడే పెట్టాలి సుమా. మోతాదు మించితే నాళాలు మరీ వదులై ప్రాణానికే ముప్పు."

సారమంటే గానుగవాళ్ల పిల్లలకు నూనే కదా! ఆశ్రమంలోని చేతిగానుగ ఆడించి, వకుళ నూనెను కుండలోకి తీసింది. మిగిలిన తెలగపిండిని చెల్లెలి ఒళ్లోకి విసిరింది.

"ఇదిగో నీ వాటా. మన ఎద్దుకు పెట్టుకో. కుండ నాది, కోడలిపీటా నాదే!"

"ఎద్దు సంతోషిస్తుందిలే అక్కా," అంటూ శారిక పిండిని కొంగున ముడివేసుకుంది. అందుకు వకుళకు ఇంకా మండింది.

అడవి అంచున గండశిల అడ్డుపడింది. "సారం ఎవరి నోటికీ అందకముందే నేను మింగేస్తాను!" అని కుండ లాక్కుని గటగటా తాగింది. మూతి తుడుచుకుంటూ వెళ్లిపోయింది. కొంగు ముడి వైపు చూడనైనా లేదు.

వకుళ ఏడుస్తూ కోటకు చేరి జరిగింది చెప్పింది. శారిక విప్పి చూపిన కొంగుముడిలో పిండిని చూసి వైద్యుడు గంతేశాడు.

"పిచ్చిపిల్లల్లారా! మనకు కావలసిన సారం నూనెలో ఎక్కడుంది? అంతా ఈ పిండిలోనే ఉంది!"

చిటికెడు పిండి పాలలో కలిపి పట్టగానే అరుణకేతు వేళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. అతను లేచి కోటమెట్లన్నీ ఒక్క పరుగున ఎక్కి దిగాడు.

"పిండి తెచ్చింది శారిక. ఆమే మా కోడలు," అన్నాడు రాజు.

"గానుగ ఆడించి నాకిచ్చింది మా అక్కే ప్రభూ," అంది శారిక.

ఊరుకుంటే వకుళకు పీట దక్కేది. ఆమె తల వంచుకుంది. "ఇవ్వలేదు ప్రభూ. దీని మీద కుళ్లుతో విసిరాను." ఆ మాట అనేసరికి గుండెను నొక్కుతున్న పిడికిలి విడిపోయినట్టయి, ఆమెకు నిండుగా ఊపిరి ఆడింది.

"నాకు పెళ్లొద్దు, వైద్యులవారి దగ్గర చదువుకుంటాను," అంది శారిక.

అరుణకేతు నవ్వాడు. "నిండు సభలో తన తప్పు చెప్పుకోగల పిల్లే నాకు కావాలి. వకుళా, నీకిష్టమేనా?"

వకుళ సిగ్గుతో తలూపింది.

పెళ్లికి కొండచిలువ కూడా వచ్చింది. వచ్చీరాగానే, "మా శారిక ఏదమ్మా?" అని పెళ్లికూతురినే అడిగింది. వకుళకు అసూయ పుట్టింది, కానీ చిటికెడే. ఆమె పకపకా నవ్వి, పాము నోట్లో అరిసె పెట్టి, చెల్లెల్ని కేకేసింది.