ఎండిపోయిన చేపల తొట్టి

"చెంచురామయ్య సార్, నా చేపల్ని ఎవరో ఎత్తుకుపోయినారు!"

నెల్లూరులోని డిటెక్టివ్ ఆఫీసులోకి కృపాదానం పరుగున వచ్చాడు. ఆయన రిటైరైన డ్రాయింగు మాస్టరు. మైపాడులో తన ఇంట్లో ప్లైవుడ్డుతో మంచమంత తొట్టి చేసి, ముందు అద్దం బిగించి, నీళ్లు కారకుండా లోపల తారు పూసి, సముద్రపు నీళ్లలో రంగుచేపల్ని వదిలాడు. నిన్న ఊరికెళ్లి తిరిగొచ్చేసరికి తొట్టి ఖాళీ.

డిటెక్టివ్ చెంచురామయ్య, సహాయకుడు హజరత్తయ్య వెంటనే మైపాడు బస్సెక్కారు.

తొట్టి కింద నేల పొడిగా ఉంది. చెంచురామయ్య లోపలి గోడకు బొటనవేలు అదిమి, వాసన చూశాడు. కిటికీ కింద మల్లెపాదు పచ్చగా ఉంది. దాన్ని దాటి వీధి గట్టు మీద మాత్రం ఉప్పు తెల్లగా పేరుకుంది. హజరత్తయ్యకు ఏమీ అంతుపట్టలేదు.

పక్కింటి పడవల చిన్నపోలయ్య మీదే కృపాదానం అనుమానం.

"తొట్టి పగలగొడతానన్నావంట?" అడిగాడు చెంచురామయ్య.

"ఈయన సముద్రపు నీళ్ల బండిని నా వలల మీద తోలితే అననా? అన్నంత మాత్రాన చేస్తానా సార్!"

కృపాదానం భార్య నవోమి కొంగు నలుపుతూ నిలబడింది.

చెంచురామయ్య అందరినీ పెరట్లోకి పిలిచాడు.

"తొట్టి కారలేదు, పగల్లేదు. ఎవరో నీళ్లు తోడారు. శత్రువైతే కిటికీలోంచి పారబోసేవాడు. ఈ మనిషి మల్లెలు చావకూడదని బిందెలు వీధిదాకా మోసింది. ఈ పాదు ఎవరిదమ్మా?"

నవోమి తల వంచుకుని, కట్టెల కొట్టం వైపు ఓరగా చూసింది. చెంచురామయ్య కట్టెల కొట్టంలోని గంగాళం మీద గుడ్డ తీశాడు. లోపల చేపలు నిక్షేపంగా ఈదుతున్నాయి.

"మాస్టారూ, మీరు తారులో కిరసనాయిలు కలిపారు, అది ఆరలేదు. నా వేలికింకా అంటుకునే ఉంది. ఆ నీళ్లలో ఇవి బతకవు."

"నోళ్లు పైకి తెరిచి కొట్టుకుంటా ఉన్నాయి సార్," అంది నవోమి. "ఈయన చూస్తే పొద్దస్తమానం ఆ అద్దం ముందర చంటిబిడ్డ మాదిరి కూర్చోనుండారు. ఎట్ల చెప్పేది?"

కృపాదానం కళ్లు తుడుచుకున్నాడు.

"నాకంటే నువ్వే వాటిని బాగా చూసినావు నవోమీ. పోలయ్యా, నిన్ను అనుమానించినాను. మనసులో పెట్టుకోబాక."

"సరేలే అయ్యవారా. పట్టు, తారు గోకేద్దాం."

"బాగా ఆరిందాకా నీళ్లు పొయ్యబాకండి," అంది నవోమి.

"నువ్వు పొయ్యమన్నప్పుడే పోస్తా," అన్నాడు కృపాదానం.

గంగాళంలో నీళ్లు మార్చాలి. చెంచురామయ్య ప్యాంటు మడిచి, బిందె భుజానికెత్తుకుని సముద్రం వైపు నడిచాడు. హజరత్తయ్య ఇంకో బిందెతో ఆయన వెంట పరుగెత్తాడు.