నర్సంపేట రోడ్డు మీది రెక్కల్లేని విమానం

నర్సంపేట రోడ్డు మీద పెట్రోల్ బంకు దాటినంక, ఎడమ చేతికి తుమ్మచెట్ల నడుమ ఒక విమానం పడి ఉంటది. పొద్దుగూకితే ఆ పక్కకు ఎవరూ పోరు. ఆటోవాళ్లు కూడా అక్కడికి రాంగనే పాటల సౌండ్ పెంచుతరు — దెయ్యానికి చెవులు నొప్పి లేస్తే పారిపోతదని కావచ్చు.

దానికి రెక్కల్లేవు. ఇంజన్లు లేవు. ముసలిదైందని అమ్మేస్తే, హన్మకొండ పెద్దమనిషి ఒకాయన ముక్కలు ముక్కలుగ లారీల మీద తెప్పించి, మళ్ల అతికించి, అందులో హోటల్ పెడతనన్నడు. పెట్టలేదు. ఆరేండ్ల నుంచి అట్లనే ఉన్నది. లోపలి సీట్లు కూడా ఎవరో పీక్కపోయిన్రు. తోక దగ్గర మనిషి పట్టేంత బొంద.

రాత్రిళ్లు కిటికీల్లో సన్నటి వెలుగు కనబడుతదట. లోపల ఎవరో నడుస్తరట... ఆ కొస నుంచి ఈ కొసకు... ఈ కొస నుంచి ఆ కొసకు...

ఆ విమానం ఎక్కడా కూలలేదు, కాలలేదు. అందులో ఎవరూ చావలేదు. అయినా జనానికి దెయ్యం కావాలె. దేవుణ్ని నమ్మాలంటే సోమవారం ఒక్కపొద్దన్న ఉండాలె. దెయ్యాన్ని నమ్మడానికి ఏ కష్టమూ పడే పని లేదు గద.

అక్కడ మా మరిది రాంప్రసాద్‌కు ఏం జరిగిందో చెప్తున్న. అతని నోట విన్నదే. నేను కలిపింది లేదు.

మాది కొత్తవాడ. తరతరాలుగ జంపఖానాలు నేసిన ఇల్లు. మా అత్తమ్మ యాదవ్వది ఎడమచేతి వాటం. ఆమె ముడి వేసిన పోగును కండ్లు మూసుకొని తడిమినా పోల్చుకునేటోళ్లం. ఆమె పోయి నెల తిరగకముందే ఇంట్ల ఉన్న రెండు మగ్గాలనూ కట్టెల అడితికి తోలినోడు మా మరిది. మొగుడు పోయి పుట్టింటికొచ్చి, ఆ మగ్గం మీదనే బతుకుతున్న సొంత అక్క మల్లక్కను "జాగ సరిపోతలేదక్కా" అని ఊరి చివరి రేకుల గదికి సాగనంపినోడు కూడా అతనే. ఆ జాగల తుక్కు దుకాణం పెట్టిండు. బోర్డు మీద మాత్రం 'ఎంటర్‌ప్రైజెస్' అని రాయించిండు.

ఒకనాడు ఫోన్ల ఏదో వీడియో చూసిండు. అమెరికా ఎడారిలో ముసలి విమానాలను వరుసగ నిలబెట్టి, ఒక్కొక్కదాన్ని కోసి తుక్కు చేస్తరట. ఇంకేముంది, తెల్లారేసరికి విమానాల పండితుడైండు.

"వదినే, అదంత అల్మినియం! అక్కడ వేలకు వేలు కోస్తాన్రు. నేను ఒక్కదాన్ని కొయ్యలేనా?"

పెద్దమనిషితో మాట ఖాయం చేసుకున్నడు. కానీ కట్టింగ్ మిషన్ పట్టే యాకయ్య రానన్నడు.

"నాకు పిల్లలున్నరన్నా. నువ్వే ఒక రాత్రి అండ్ల పండుకో. తెల్లారి నీ కాళ్ల మీద నువ్వు నడిచొస్తే మిషన్ తెస్త."

"గంతేనా? శుక్రవారం పండుకుంట. మీసం మీద చెయ్యేసి చెప్తున్న!"

మా మరిదికి మీసం లేదు.

శుక్రవారమని వాడంతా చాటినోడు, గురువారం రాత్రే ఎవరికీ చెప్పకుండ పోయిండు. లోపల ఏమీ లేదని ముందుగాల చూసుకుంటే, మర్నాడు ధైర్యంగ ఉండొచ్చని.

బండి రోడ్డు మీద ఆపి, తుమ్మల్ల నుంచి నడిచిండట. చంద్రుడు లేడు. విమానం టక్... టక్... అంటాంది. పగలంతా పెనం లెక్క కాలిన రేకు రాత్రి చల్లారుతుంటే అట్లనే అంటది. తుక్కు వ్యాపారికి అది కూడా తెల్వది. రెండడుగులు వెనకకేసి, మళ్ల ముందుకు పోయిండట.

తోక బొందలో తల పెట్టిండు. ఫోన్ లైట్ వెయ్యలేదు.

"ఎందుకు వెయ్యలేదు?" అని అడిగిన.

"ఏమన్న కనబడుతదేమోనని, వదినే..."

లోపల... దూరంగ, ముందటి కొసకు... చిన్న దీపమంత వెలుగు. ఆ వెలుగుల... తెల్లగ... పొడుగ్గ...

"వెంట్రుకలు వదినే! విమానమంత పొడుగు. నడుమెత్తున గాలిల తేలుతున్నయి. పక్కన ఒక ఆడమనిషి... వంగి... దువ్వుకుంట నడుస్తాంది..."

"మొఖం చూసినవా?"

"లే."

గంజి వాసన వచ్చిందట. ఇంకెవరో నోట్లో నోట్లో గొణుగుతాన్రట — మంత్రం లెక్క. వెనకకు మళ్లబోయిండు. కాలు జారింది. పడ్డడు — ఆ వెంట్రుకల మీదనే. మెడకు చుట్టుకున్నయి. గుంజిండు... పటపట తెగినయి. ముందటి కొస నుంచి ఒక గొంతు, మెల్లగ —

"ఎవరది?"

అంతే. చెప్పులు అక్కడ, బండి అక్కడ, మనిషి కొత్తవాడల. మూడు రోజులు జ్వరం. చేతికి తాయెత్తు. శుక్రవారం పోలేదు, యాకయ్య మిషన్ తేలేదు. విమానాన్ని కోసే ముచ్చట అంతటితో ఒడిసింది.

జావ తాపుకుంట అంతా విన్న.

మగ్గం గుంతల కాళ్లు పెట్టి బతికిన ఇంటి కొడుకు... నేతకు పొడుగ్గ చాచిన పోగులను, పడుగును చూసి దెయ్యం వెంట్రుకలన్నడు! గంజి పెట్టి, కుంచెతో దువ్వే పడుగు. తల్లి కొంగు పట్టుకొని రోజూ చూసిన పడుగు. ఆ వాసన ముక్కుకు తగిలినా పోల్చుకోలేదు.

భజన మండలివాళ్లు మల్లక్కకు ఎనిమిది జంపఖానాలు చెప్పిన్రు. నేసుడికి వాడల ఒకరి మగ్గం కిరాయికి దొరికింది. తొలి ఏకాదశికి ఇయ్యాలె. ఆ పని దక్కితేనే ఆమె ఎవరి గడపా తొక్కకుండ బతుకుతది. నేసే ముందు పోగులన్నీ పొడుగ్గ చాచి గంజి పెట్టాలె. మునుపు వాడ పొడుగునా చాచేటోళ్లం. ఇప్పుడు వాడ నిండ కార్లు. ఆ విమానం పొట్ట చూడండి — పొడుగు, సన్నం, మీద కప్పు. పడుగు కోసమే కట్టించినట్టుంటది. పగలు ఎండకు లోపల నిలబడలేం గనుక రాత్రి.

పడుగుకు రెండు కొసలు. ఒక్క మనిషితో అయ్యే పని కాదు. వంగి దువ్వుకుంట నడిచింది మల్లక్క. రెండో కొస కాడ దీపం పెట్టుకొని, అమ్మవారి నామాలు చదువుకుంటున్నది నేనే. "ఎవరది?" అన్నదీ నేనే. అబద్ధం ఆడలేదు. నన్నెవరూ అడగలేదు.

ఆ రాత్రి అతను ఉరికినంక దీపం ఎత్తి చూస్తే, తోక దిక్కు పోగులన్నీ తెగి కుప్పబడి ఉన్నయి. మల్లక్క కూలబడ్డది.

"పాయె మరదలా... ఇవన్నీ ముడేసుడికే నాలుగు రోజులు. ఏకాదశికి ఇంకేం ఇస్త?"

దీపంల నూనె అయిపోయింది. తెల్లారి చూద్దామని ఇద్దరం ఎవరింటికి వాళ్లం పోయినం.

తెల్లారి నేను వచ్చేసరికి మల్లక్క లోపల నిలబడి ఉన్నది, పడుగు మీద చెయ్యేసి. ఒక్క పోగు కూడా తెగి లేదు. వందల ముళ్లు... వరుసగ... బిగువుగ.

"రాత్రంత ఒక్కదానివే కూసున్నవా వదినే?" అన్న.

ఆమె నా దిక్కు తిరిగింది.

"నువ్వు... కాదా?"

ఒక ముడిని వేలితో తడిమిన. మళ్ల ఇంకొకదాన్ని. అన్నీ ఎడమచేతి ముళ్లే.

మా ఇద్దరిదీ కుడిచేతి వాటం. విమానం రేకుకు అప్పుడప్పుడే ఎండ తగులుతాంది.

"తెంపింది కొడుకాయె..." అన్నది మల్లక్క, పోగులను నిమురుకుంట. "అమ్మకు సిగ్గనిపించి ఉంటది."