ఎడమ పంపుకి కుడి స్విచ్

"ఆ రోజు మీ చెయ్యి ఎటు వెళ్లింది?"

వచ్చి కూర్చోగానే ఆమె అడిగిన మొదటి మాట అది. కంట్రోల్ రూమ్ ఆపరేటర్‌కి ఒళ్లు మండింది.

"షికారుకి వెళ్లిందండి. దారిలో స్విచ్ తగిలింది!"

ఆమె నవ్వు ఆపుకుంది. ఆపుకోవడం అతను చూడనే చూశాడు, అక్కడే పడిపోయాడు. ఉద్యోగం ఊడేలా ఉన్న వేళ మనసు పారేసుకోవడం ఎంత తెలివైన పనో మీరే చెప్పాలి.

సంగతేమిటంటే, ఆ రంగుల ఫ్యాక్టరీలో ఎడమ పంపు వేడెక్కి అలారాలన్నీ ఒక్కసారిగా మోగాయి. దాన్ని ఆపబోయి అతను నిక్షేపంగా నడుస్తున్న కుడి పంపుని ఆపేశాడు. ట్యాంకు పొంగి నీలిరంగు నేలంతా పారింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. అయినా మేనేజరు "అజాగ్రత్త" అని తేల్చేసి, అతన్ని ఇంటికి పంపే ముందు మాటవరసకి ఈ ఇంజనీరమ్మను పిలిపించాడు. మనుషులు ఎందుకు పొరపాటు పడతారో కనిపెట్టడం ఆమె పని.

వారమంతా ఆమె పక్కనే కూర్చుని, ఉత్తుత్తి అలారాలు మోగించి అతని చేతుల్ని గమనించింది. కానీ రెండో రోజు నుంచి అతని ముఖం చూస్తే ఒట్టు. జోరువానలో అతను గొడుగు పట్టబోతే "వద్దండి" అని తడుస్తూనే వెళ్లిపోయింది.

"నా తప్పేనని రాసేస్తుందక్కా," అన్నాడు ఇంట్లో దిగులుగా.

"నీ దిగులు ఉద్యోగం గురించేనా తమ్ముడూ?" అంది అక్క కొంటెగా. అతను పప్పు వడ్డించమని కంచం ముందుకి జరిపాడు.

శుక్రవారం ఆమె మేనేజర్నే అతని కుర్చీలో కూర్చోబెట్టింది. స్విచ్‌లకి కరెంటు తీయించి, అలారాలన్నీ మోగించింది.

"సార్, ఎడమ పంపు ఆపండి! త్వరగా!"

మేనేజరు కంగారుగా ఎడమ స్విచ్ నొక్కాడు.

"అది కుడి పంపుది సార్. కిటికీలోంచి ఎడమవైపు కనిపించే పంపుకి స్విచ్ కుడివైపు పెట్టారు. తీరిగ్గా ఉంటే గుర్తుంటుంది. గుండె దడదడలాడేటప్పుడు ఎవరి చెయ్యైనా కన్ను చూపించిన వైపే పోతుంది. మార్చాల్సింది స్విచ్‌లని, మనిషిని కాదు."

మేనేజరు చెమట తుడుచుకుని, ఆమె రిపోర్టు మీద సంతకం పెట్టేశాడు. "నువ్వు సోమవారం డ్యూటీకి రావయ్యా," అన్నాడు ఆపరేటర్‌తో.

క్యాంటీన్‌లో ఆమె తనే వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

"చాలా థాంక్సండి. కానీ నా ముఖం కూడా చూడలేదేం? అంత కానివాణ్ణయ్యానా?"

"చూస్తే నవ్వొచ్చేస్తుంది. నవ్వితే అందరికీ తెలిసిపోతుంది. మీరంటే ఇష్టమున్న అమ్మాయి రాసిన రిపోర్టుని ఎవరు నమ్ముతారండీ? మీ ఉద్యోగం పోయేది."

అతను టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

"మళ్లీ చెప్పండి."

"రిపోర్టు సంగతా?"

"కాదు, దానికి ముందుది."

"మీరంటే ఇష్టం అన్నాను."

"నాకూ మీరంటే..."

"తెలుసులెండి. నేను అలారం మోగించినప్పుడల్లా మీరు ప్యానెల్ వంక కాదు, నా వంక చూడటం కిటికీ అద్దంలో కనిపించింది. అది మాత్రం అచ్చంగా అజాగ్రత్తే. పోనీలే అని రిపోర్టులో రాయలేదు."