బెల్టు కింది డ్రమ్ము

ఎల్బీనగర్ దాటినంక, సాగర్ రోడ్డు పక్కన ఒక కంకర మిషన్ ఉండేది. ఎనభై నాలుగు నాటి సంగతి. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట చుట్టూ వారానికో కాలనీ లేస్తుంటే, స్లాబులకు కంకర అక్కణ్ణుంచే పోయేది. పగలంతా లారీల వరస. చీకటి పడితే మాత్రం ఏ డ్రైవరూ అక్కడ బండి ఆపేవాడు కాదు.

కరెంటు లేకున్నా అక్కడ డ్రమ్ము తిరుగుతుందని చెప్పుకునేవారు.

కంకరను పైకి మోసే రబ్బరు బెల్టు ఉంటుంది చూడండి... దాని కింది కొసన, బెల్టుతో పాటు తిరిగే ఇనుప డ్రమ్ము అది. మనిషి నడుమంత లావు. తడి దుమ్ము అంటుకుంటే బెల్టు పక్కకు జారుతుంది. అండాలమ్మ అనే కూలీ ఆ దుమ్ము గీకబోయింది. కొంగు చిక్కింది. బెల్టుకీ డ్రమ్ముకీ నడుమ నలిగి చచ్చిపోయింది.

"తాగొచ్చి పడ్డది," అన్నాడు మేస్త్రీ చక్రపాణి, పోలీసులతో. వాళ్లు అదే రాసుకున్నారు.

మూడు నెలలు గడిచాయి. పొద్దుగూకితే కూలీలు ఒక్కరూ నిలవడం లేదు. చక్రపాణికి ఒళ్లు మండింది. "ఇయ్యాల నేనే ఉండి చూస్త," అని ఒక్కడే ఆగిపోయాడు. మోటారు ఆపి, ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు.

ఏడు దాటింది.

గర్ర్...

లారీ అనుకున్నాడు.

గర్ర్... గర్ర్...

టార్చి వేశాడు. బెల్టు మీద మిగిలిన రాయి ఒకటి— మెల్లగా పైకి పోతోంది.

జేబు తడుముకున్నాడు. ఫ్యూజు జేబులోనే ఉంది. వెలుతురు కిందికి దించాడు. డ్రమ్ము తిరుగుతోంది. అంతలో చీకట్లోంచి ఒక ఆడగొంతు, గుసగుసగా...

"జర బెల్టు ఆపుండ్రి, సారూ..."

ఆ రోజు అండాలమ్మ అడిగిన మాట. మూడుసార్లు అడిగింది.

చక్రపాణి చీకటికి దండం పెట్టాడు. "ఆపలే... లారీలు ఆగుతయని ఆపలే. డ్రమ్ముకు అడ్డం ఉన్న ఇనుప జాలీ గూడ నేనే ఊడదీయించిన. నువ్వు తాగలే, అండాలూ... అబద్ధం చెప్పిన. నన్నిడిసిపెట్టు..."

డ్రమ్ము ఆగింది.

కంకర కుప్ప వెనక లాంతరు వెలిగింది. అండాలమ్మ అక్క తిరుపతమ్మ లేచి నిలబడింది. ఆమె వెనక పదిహేను మంది కూలీలు.

"అందరూ విన్నరు గద," అందామె నెమ్మదిగా. "మా చెల్లె రోజూ నిన్ను బతిమాలిన మాటనే నేనన్న. డ్రమ్ము తిరుగుతున్నదని పుకారు లేపింది గూడ మేమే. ఇగ నడువు, ఠాణల గిదే చెప్పు."

దయ్యం కాదని తెలిశాక భయం పోవాలి. చక్రపాణికి ఆ ముఖాలు చూస్తుంటే ఇంకా ఎక్కువైంది.

"మరి... డ్రమ్ము?"

"మా మరిది భిక్షపతి. చెల్లె పెనిమిటి. ఆవలి దిక్కు కూసొని ఇనుప గడారితోని మీటుకుంట తిప్పిండు." ఆమె చీకట్లోకి పిలిచింది. "భిక్షపతీ... ఇగ రా."

ఎవరూ రాలేదు.

లాంతరు అటు పట్టుకెళ్లింది. డ్రమ్ము ఆవల ఎవరూ లేరు. దుమ్ములో అడుగు జాడ కూడా లేదు.

అప్పుడు రోడ్డు మీంచి సైకిల్ చప్పుడు. భుజాన గడారితో, రొప్పుకుంటూ దిగాడు భిక్షపతి.

"చంపాపేట కాడ పంచరైంది, వదినె... జర ఆలస్యమైంది," అన్నాడు గొంతు తగ్గించి. "మొదలుపెడదామా?"