కపాలం మింగలేని పాట

మిట్టమధ్యాహ్నం... అయినా ఆకాశం అమావాస్యను కప్పుకుంది! కాటుక మేఘాలు కర్కశంగా గర్జిస్తున్నాయి. రికార్డింగ్ థియేటర్ కప్పు మీద గుడ్లగూబ ఒకటి పగలన్న సిగ్గయినా లేకుండా కూసింది.

లోపల అక్క పాడుతోంది, చెల్లెలు గిటారు వాయిస్తోంది. వాళ్ళ రాక్ ఆల్బమ్‌కి ఇదే మొదటి పాట. వినేవాడు కుర్చీలోంచి ఎగిరిపడాలన్నది అక్క పంతం. పొద్దుట్నుంచి ఎంత పాడినా రికార్డింగ్ మాస్టారు 'మరోసారి' అంటూనే ఉన్నాడు. పాడిన ప్రతిసారీ అక్క గొంతు కాస్త అరిగిపోతోంది... ఆఖరికి పెదవులు కదిలాయి గానీ శబ్దం లేదు!

చెల్లెలు గిటారు ఆపేసింది. అంతలో అక్క కనుగుడ్లు తిరగబడ్డాయి. జుట్టు విరబోసుకుని, మెడ వెనక్కి విరుచుకుని... ఎవరో ముసలివాడి కంఠంతో వికటంగా నవ్వింది!

చెల్లెలు అద్దం అవతలి గదిలోకి దూసుకెళ్ళి మాస్టారి వెనక ఎర్రటి వెలుగు చిమ్ముతున్న నల్లతెర లాగేసింది. రక్తవర్ణ దీపాల నడుమ నరకపాలం! దాని నోట్లో మైకు. మైకు తీగ పక్కనున్న స్పీకర్‌లోకి పోతోంది. ఆ స్పీకర్‌లోంచి సన్నగా, దీనంగా... అక్క గొంతు!

మాస్టారు ఏమీ దాచలేదు. తాను చేసే ప్రతి ఆల్బమ్‌లో మొదటి పాట పాడిన గొంతు కపాలానిదేనని, ఆ గొంతులే తన ఆయుష్షని, బదులుగా మిగతా పాటలు ఊరూరా మోగిపోతాయని తాపీగా చెప్పాడు.

"నోరు మూసుకుంటే నీకు పేరొస్తుంది పిల్లా."

"మా అక్క నోరు నొక్కి నేను పేరు తెచ్చుకోవాలా? నీ మొహానికి బేరం ఒకటి."

అతడు మంత్రం అందుకున్నాడు. చెల్లెలి వేళ్ళు కొయ్యబారుతున్నాయి... అప్పుడు తట్టింది. ఎక్కడ వాయించబోయినా తను స్పీకర్‌ని మైకుకు ఎదురుగా పెట్టేసేది. అది చెవులు చిల్లులు పడేలా కూసేది. అక్క నెత్తిన మొట్టేది. మైకు విన్నది స్పీకర్ అరుస్తుంది, ఆ అరుపును మైకు మళ్ళీ వింటుంది... దానికి అంతుండదు!

భుజంతో నెట్టి స్పీకర్‌ని కపాలం మొహానికి తిప్పింది. మోచేత్తో శబ్దం మీటను ఆఖరిదాకా తోసింది.

కూ...!

అక్క గొంతు కపాలంలోకి దూరింది, రెట్టింపై బయటికొచ్చింది, మళ్ళీ దూరింది! ప్రళయఘోష! మింగడమే తెలిసిన కపాలానికి అది మింగుడుపడలేదు. నొసలు చిట్లింది. మంత్రం ఆ హోరులో గడ్డిపోచలా కొట్టుకుపోయింది. కపాలం తునాతునకలైన మరుక్షణం, అరువు ఆయుష్షంతా కారిపోయి... క్షుద్రుడు కూర్చున్నచోటే బూడిదకుప్పయ్యాడు!

నిశ్శబ్దం... అద్దం అవతలి నుంచి బొంగురుగా అక్క సొంత గొంతు.

"ఎన్నిసార్లు చెప్పానే, మైకుకు ఎదురుగా స్పీకర్ పెట్టొద్దని?"

చెల్లెలు ఏడుస్తూనే నవ్వింది. రికార్డింగ్ యంత్రం ఇంకా తిరుగుతోంది. కూత మొత్తం అందులో పడింది. దాన్ని చెరిపేసి మళ్ళీ పాడదామంది అక్క. చెల్లెలు ససేమిరా అంది.

"వాడు మింగబోయిన పాట ఆ కూతతోనే మొదలవ్వాలి. వినేవాడు ఎగిరిపడాలన్నావుగా."

అక్క గొంతు సవరించుకుని, మైకు ముందుకొచ్చి నిలబడింది.

"సరే. వాయించు."