పెట్టెతో కలిపి ఏడు కిలోలు

"ఏడు కిలోలు. పక్కా," అన్నాడు సైదులు, కాంటా మీది నుంచి పెట్టె దించుతూ.

అతడు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో తూకం గుమాస్తా. ఎదురుగా నిలిచిన కృపారాణి పక్క వీధి బడిలో సైన్సు టీచర్. ఆ సాయంత్రం ఆమె విమానంలో పుణె ప్రదర్శనకు వెళ్లాలి. పెట్టెలో ఆమె చీరలు, పుస్తకాలతో పాటు పిల్లలు చేసిన నమూనా ఉన్నది: వాడపల్లి దగ్గరి మూసీ నీటిని వడగట్టే గాజు గొట్టాలు. లగేజీలో వేస్తే అవి పగులుతాయి. చేతితో వెంట తీసుకువెళ్లాలంటే బరువు ఏడు కిలోలు దాటరాదు.

"మంచిగ తూచిన్రా?"

"నా తూకం మీద డౌటా టీచర్? రైతులే ఏమనరు."

"మీ ముందర అనరేమో!" అని నవ్వి ఆమె వెళ్లిపోయింది.

అతడి చూపు గేటు దాకా ఆమె వెంట వెళ్లింది. హమాలీ మల్సూర్ గొంతు దానిని వెనక్కి తెచ్చింది.

"అన్నా, బస్తా లెక్కనే పెట్టె బరువు గూడ తీసేసినవా ఏంది?"

తీసివేశాడు. ధాన్యం తూచేటప్పుడు బస్తా బరువు మినహాయించడం అతడికి పదేళ్ల అలవాటు. అందువల్ల కాంటా పది చూపితే, గట్టి పెట్టెకు మూడు కిలోలు మనసులోనే తగ్గించి చెప్పాడు. విమానం వాళ్లు పెట్టెను కూడా లెక్కలో వేస్తారు.

తేలికైన బ్యాగు కోసం బజారుకు పరుగెత్తాడు. దుకాణదారు మొదట చూపిన దాని మీద 'క్యాబిన్ బ్యాగు' అన్న చీటీ ఉన్నది. చక్రాలతో కలిపి టేపు పెడితే ఎత్తు యాభై తొమ్మిది సెంటీమీటర్లు వచ్చింది. విమానంలో హద్దు యాభై అయిదు. చివరకు చక్రాలు లేని, కిలో కూడా తూగని గుడ్డ బ్యాగు కొన్నాడు.

బస్టాండుకు చేరేసరికి ఆమె ఎక్కిన హైదరాబాద్ బస్సు ఇంకా కదలలేదు.

"టీచర్, జర దిగుండ్రి! తప్పు చేసిన. మీది పది కిలోలు."

"ఇందాక పక్కా అంటిరి గద!"

"బస్తా అనుకున్న."

"నన్నా?"

"అయ్యో, పెట్టెను టీచర్!"

కోపంగానే ఆమె బెంచీ మీద సర్దడం మొదలుపెట్టింది. గొట్టాలు చీరల మడతల్లోకి వెళ్లాయి. పుస్తకాలు, సకినాల డబ్బా బయట మిగిలాయి. ఈసారి సైదులు తన అంచనాను నమ్మలేదు; పార్సిల్ కౌంటర్ కాంటా మీద పెట్టాడు. బ్యాగుతో కలిపి ఆరు కిలోల ఎనిమిది వందల గ్రాములు.

"ఫోన్ చేస్తే అయిపోతుండె గద! ఇంత ఉరుకుడెందుకు?"

"మీ నంబర్ లేదు."

బస్సు కదులుతుండగా ఆమె కిటికీలోంచి నంబర్ చెప్పింది.

మర్నాడు ఉదయం అతడే ఫోన్ చేశాడు.

"ఒక్క గొట్టం గూడ పగల్లే," అన్నది కృపారాణి.

అతడు ఊపిరి పీల్చుకున్నాడు. "టీచర్, ఒక మాట. ఏడాది సంది మీరు బడికి పోయే యాళ్లకు గేటు కాడ నిలబడుతున్న. మీరంటే నాకిష్టం."



"సైదులూ, మా ఇంటి కింద కిరాణా దుకాణంలనే కాంటా ఉంది. మీ మిల్లు దాకా పెట్టె మోసుకొని ఎందుకొచ్చిననుకున్నరు?"